కప్పు ఎక్కడ ఆగింది, మగ్గు ఎక్కడ మొదలైంది?

న్యూజెర్సీలో అన్నయ్య వాళ్లింట్లో దిగిన మర్నాడు పొద్దున్నే వదిన మా అమ్మని అడిగింది, "అత్తయ్యగారూ, కాఫీ మగ్గులో ఇవ్వమంటారా?" అని. అమ్మ ఒక్క క్షణం మాట్లాడలేదు. ఆవిడ ఎరిగిన మగ్గు ఒకటే. అది స్నానాలగదిలో ఉంటుంది, నీలం రంగు ప్లాస్టిక్కుది, బకెట్లో తేలుతూ. "మగ్గులో ఎందుకమ్మా, ఇంత గ్లాసులో పొయ్యి, చాలు" అంది చివరికి. ఇప్పుడు ఇబ్బంది వదినకి వచ్చింది. ఆ ఇంట్లో గ్లాసులంటే గాజువే, పొగలు కక్కే కాఫీ పోస్తే ఎక్కడ చిట్లుతాయోనని భయం.

ఆ సాయంత్రం అన్నయ్య కూతుర్ని అలమర దగ్గరికి తీసుకెళ్లి, వీటిలో కప్పులేవి, మగ్గులేవి చెప్పమన్నాను. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తడుముకోకుండా ఇది కప్, ఇది మగ్ అంటూ వేలు పెట్టి చూపించేసింది. ఎలా తెలిసిందంటే "మగ్ పెద్దది" అంది. పక్కనున్న మరో పెద్దదాన్ని చూపిస్తే "అది పెద్ద కప్" అంది. మగ్ నిటారుగా ఉంటుందా అంటే అవునంది, ఆ వెంటనే బొజ్జ ఉన్న మగ్గొకటి తనకే కనపడింది. చివరికి విసుగొచ్చి, "బాబాయ్, ఇట్ జస్ట్ ఈజ్" అని వెళ్లిపోయింది.

ఆ పిల్ల విసుక్కున్న చోటే భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం యాభై ఏళ్లుగా తచ్చాడుతున్నాయి. రోజూ వాడే రెండు మాటలు. ఎవరూ తప్పు చేయరు, ఎవరూ తేడా చెప్పలేరు. కప్పు, మగ్గుల మీద ఇంత పాండిత్యం పోగుపడిందని తెలిసినప్పుడు నాకూ మొదట నవ్వొచ్చింది. చదివిన కొద్దీ నవ్వు తగ్గింది. ఒక మాటకి అర్థం ఎక్కడుంటుందనే పెద్ద తగువుకి ఈ రెండు పింగాణీ ముక్కలూ సాక్షులుగా నిలబడ్డాయి.

నిఘంటువులతో మొదలుపెడితే పెద్ద ఉపకారం జరగదు. కప్పంటే తాగడానికి వాడే చిన్న పాత్ర, సాధారణంగా పిడి ఉంటుంది, తరచుగా సాసరుతో వస్తుంది అంటాయవి. మగ్గంటే కాస్త పెద్దది, సాధారణంగా గోడలు నిటారుగా ఉంటాయి, సాసరు ఉండదు అంటాయి. ఆ 'సాధారణంగా', 'తరచుగా' అన్న మాటల్ని పట్టుకుని చూడండి. కొలతలన్నీ చెప్పి, చివర్లో 'అటూ ఇటూగా' అని చేర్చే దర్జీ గుర్తొస్తాడు. నిఘంటుకారుడి తప్పేమీ లేదు. ఆ మాటలు తీసేస్తే అబద్ధమవుతుంది, ఉంచితే నిర్వచనం కాదు.

ఈ 'సాధారణంగా'ని కొలవొచ్చునా అని అడిగినవాడు భాషావేత్త విలియం లబోవ్. 1960లలో న్యూయార్క్ దుకాణాల్లో కొనుగోలుదారుడిలా తిరుగుతూ, నాలుగో అంతస్తులో ఉండే సరుకు ఎక్కడుందని అమ్మకందార్లని అడిగి, వాళ్లు 'ర'కారాన్ని పలికారో మింగారో రాసుకున్న మనిషి. 2024 డిసెంబరులో కన్నుమూశాడు. ఆయన 1973లో మాటల సరిహద్దుల మీద ఒక వ్యాసం అచ్చువేశాడు. దానికోసం గీయించినవి కొన్ని గీతల బొమ్మలు. మొదటిది ఏ అనుమానమూ లేని కప్పు. తర్వాతవి ఎత్తు మారకుండా వెడల్పు మాత్రం పెరుగుతూ పోతాయి, చివరిదాని వెడల్పు ఎత్తుకి రెండున్నర రెట్లు. మరో వరసలో లోతు పెరుగుతుంది. కొన్నిటి గోడలు నిటారు, కొన్నిటికి పిడి లేదు, కొన్నిటికి కింద కాడ. ఒక్కొక్కటీ చూపించి దీన్నేమంటారు అని జనాన్ని అడిగాడు.

వెడల్పు పెరిగే కొద్దీ కప్పు అనేవాళ్లు తగ్గి, 'బౌల్' అనేవాళ్లు పెరిగారు. అంటే మన గిన్నె. నిటారు గోడలవాటి దగ్గర మగ్ అన్న మాట ముందుకొచ్చింది. ఇంతవరకు ఎవరైనా ఊహిస్తారు. అసలు మెలిక తర్వాతది. అవే బొమ్మల్ని మళ్లీ చూపించి, ఈసారి ఇందులో కాఫీ ఉందనుకోండి అన్నాడు. ఇంకోసారి, భోజనాల బల్ల మీద ఇందులో మెత్తగా మెదిపిన బంగాళాదుంప ఉందనుకోండి అన్నాడు. మరోసారి, అలమరలో పువ్వులు పెట్టి ఉందనుకోండి అన్నాడు. గీత ఒక్కటి కూడా మారలేదు, పేర్లు మారిపోయాయి. దుంపకూర అనగానే అంతకుముందు కప్పుగా ఉన్నది చాలామందికి గిన్నె అయిపోయింది. పువ్వులనగానే లోతైనవి పూలకుండీలయ్యాయి. కాఫీ అన్నప్పుడు మాత్రం కప్పు తన హద్దును అవతలకు జరుపుకుంది.

ఇందులో రెండు సంగతులున్నాయి. హద్దు గోడలా ఉండదు, పొద్దువాలే వేళలా ఉంటుందన్నది మొదటిది. ఫలానా నిమిషాన రాత్రయిందని ఎవరూ చెప్పలేరు, అలాగని పగలూ రాత్రీ లేవనీ కాదు. ఆ మసక ఎంత దూరం పరుచుకుందో మాత్రం వందమందిలో ఎందరు ఏమన్నారో లెక్కవేసి గీత గీయొచ్చు. రెండోది నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. ఒక వస్తువు పేరు ఆ వస్తువులోనే ఉండదు. అందులో ఏం పోశారు, ఎవరి ముందు పెట్టారు అన్నవి కూడా పేరు పెట్టడంలో పాలుపంచుకుంటాయి.

లబోవ్ ఒంటరిగా ఏమీ లేడు. అవే 1970లలో కాలిఫోర్నియాలో ఎలినార్ రోష్ అనే మనస్తత్వవేత్త, ఒక తరగతిలో ఉన్నవన్నీ సమానం కావని ప్రయోగాల్లో చూపిస్తోంది. పిట్ట అనగానే మనకి పిచ్చుక మెదులుతుంది, నిప్పుకోడి మెదలదు. రెండూ పిట్టలే, కానీ ఒకటి నడింట్లో ఉంది, రెండోది గుమ్మం దగ్గర నిలబడింది. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1953లో అచ్చయిన గ్రంథంలో తత్వవేత్త విట్గెన్‌స్టైన్ 'ఆట' అన్న మాటని తీసుకుని, అన్ని ఆటల్లోనూ ఉండే ఒక్క లక్షణం చూపించండని అడిగాడు. అన్నదమ్ముల్లో ఒకడికి తండ్రి ముక్కు, ఒకడికి మేనమామ నడక వచ్చినట్టు పోలికలు అల్లుకుని ఉంటాయే తప్ప అందరికీ ఉమ్మడిది ఏదీ ఉండదన్నాడు. 1978లో మెక్లాస్కీ, గ్లక్స్‌బర్గ్ అనే ఇద్దరు మరో కొంటె పని చేశారు. ఫలానాది ఫలానా తరగతిలోకి వస్తుందా రాదా అని జనాన్ని అడిగి, నెల తర్వాత అదే జనాన్ని అవే ప్రశ్నలు మళ్లీ అడిగారు. అంచు మీద ఉన్న వస్తువుల దగ్గర ఒకరితో ఒకరు విభేదించడమే కాదు, చాలామంది తమ పాత జవాబుతో తామే విభేదించారు. మెక్సికోలో విలెట్ కెంప్టన్ మట్టిపాత్రల మీద చేసిన పని 1981లో పుస్తకంగా వచ్చింది, అక్కడా ఇదే మసక.

ఇక్కడికి వచ్చేసరికి, మాటలకి గట్టి అర్థమంటూ ఏదీ లేదు, అంతా ఉజ్జాయింపే అన్న ధోరణి బలపడింది. దానికి అడ్డం తిరిగింది అన్నా వియెజ్‌బిత్స్కా. పోలండులో పుట్టి కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పనిచేసిన భాషావేత్త. పరాయి భాషలోకి పెద్దయ్యాక వచ్చినవాళ్లకి చిన్న మాటల మీద ఉండే అనుమానం, శ్రద్ధ ఆవిడలో కనిపిస్తాయి. 1985లో వచ్చిన ఆవిడ పుస్తకంలో కప్పులకీ మగ్గులకీ ఇచ్చిన నిర్వచనాలు ఒక వాక్యం, రెండు వాక్యాలు కావు. పేరాలకు పేరాలు సాగుతాయి. పెళ్లి లగ్నపత్రికలో కూడా అంత వివరం ఉండదు.

ఆవిడ వాదం ఇది. లబోవ్ బొమ్మలు చూపించి పేరు చెప్పమన్నాడు, వింత బొమ్మ చూపిస్తే జనం దగ్గర్లో ఉన్న మాటేదో అంటారు. అది పేరు పెట్టే సర్దుబాటు, మాటకి అర్థం కాదు. అర్థం కావాలంటే ఆ వస్తువును ఎందుకు చేస్తారో అడగాలి. కప్పును వేడిగా ఉండే టీ, కాఫీ లాంటివి బల్ల దగ్గర కూర్చుని తాగడానికి చేస్తారు. తాగుతూ మధ్యలో దించుతారు కాబట్టి కింద సాసరు. మునివేళ్లతో ఎత్తాలి కాబట్టి చిన్నది, పలచనిది, చిన్న పిడి. వేడిది పట్టుకోవాలి కాబట్టి పిడి, వేడి తొందరగా పోకూడదు కాబట్టి అంచు మరీ వెడల్పుండదు. ఒకటి ఉన్నచోట అలాంటివే మరికొన్ని ఉంటాయి. మగ్గు అలా కాదు. దాన్ని బల్ల దగ్గరే తాగాలని లేదు, చేత్తో పట్టుకుని తిరగొచ్చు, అందుకే సాసరు అక్కర్లేదు. సాసరు లేదు కాబట్టి దించినా ఒరగకుండా అడుగు వెడల్పు, మందం, నాలుగు వేళ్లూ దూరే పిడి. ఒక లక్షణంలోంచి ఇంకొకటి పుట్టుకొస్తుంది. వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి ఎంతన్నది పైకి కనిపించేది మాత్రమే, కారణం లోపల ఉంది.

ఈ ఇద్దరిలో ఎవరిది ఒప్పు అని వ్యాసాలు చాలానే వచ్చాయి. నాకైతే ఇద్దరూ ఒకే ఊరి గురించి మాట్లాడుతున్నారనిపిస్తుంది. ఒకరు పొలిమేర కొలిచారు, ఒకరు రచ్చబండ దగ్గర కూర్చున్నారు. ఊరంటే ఏమిటో తెలియాలంటే రచ్చబండ దగ్గరికే వెళ్లాలి, ఆ సంగతిలో నేను వియెజ్‌బిత్స్కా వైపు. కానీ ఒక చిక్కుంది. కాఫీ దుకాణంలో ఇచ్చే కాగితం కప్పు తీసుకోండి. దానికి పిడి లేదు, సాసరు లేదు, బల్ల దగ్గర తాగరు, నడుస్తూనో కారు నడుపుతూనో తాగుతారు. ఆవిడ చెప్పిన లెక్క ప్రకారం అది అన్ని విధాలా మగ్గుకి చుట్టం కావాలి. అయినా ఇంగ్లీషులో దాన్ని ఎవరూ మగ్ అనరు. ఎందుకనరు? నాకు తోచిన జవాబు, అది ఎవరిదీ కాదు కాబట్టి. తాగి పారేస్తారు. మగ్గు ఒకరి సొంతం. ఆఫీసు వంటగదిలో పదిహేను మగ్గులుంటే పదిహేను మందివి, ఒకరిది ఇంకొకరు తీస్తే మొహాలు మాడతాయి. కప్పులు ఇంటివి, ఆరో పన్నెండో జట్టుగా వస్తాయి, చుట్టాలొచ్చినప్పుడు దిగుతాయి. ఒకటి పగిలితే సెట్టు పోయిందని బాధపడతాం. మగ్గు పగిలితే మగ్గు పోయిందనే బాధ.

విద్వాంసుల తగువులు తీరకపోయినా ఫరవాలేదు గానీ సుంకం కట్టే చోట తీరి తీరాలి. టమాటా పండా కూరగాయా అన్న ప్రశ్న 1893లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అప్పటి చట్టం దిగుమతి కూరగాయల మీద సుంకం వేసి పళ్లని వదిలేసింది మరి. వృక్షశాస్త్రం ఏమన్నా సరే, జనం దాన్ని భోజనంతో తింటారు కాబట్టి కూరగాయే అని కోర్టు తేల్చింది. బ్రిటన్‌లో 1991లో జాఫా కేకులు కేకులా బిస్కెట్లా అన్న పన్ను తగాదా వచ్చింది. నిలవుంటే కేకు గట్టిపడుతుంది, బిస్కెట్టు మెత్తబడుతుంది, ఇది గట్టిపడుతోంది కాబట్టి కేకు అన్న వాదమూ అక్కడ నడిచింది. ఇలాంటి తెలివి మన అమ్మమ్మలకే ఉంటుందనుకున్నాను. కప్పు, మగ్గుల విషయానికొస్తే అమెరికా సుంకాల పట్టికలో మగ్గులకి ఒక వరస ఉంది, కప్పులకి వేరే వరస ఉంది. సాసర్లు ఎవరి వరసలో ఉన్నాయో చెప్పక్కర్లేదు, కప్పులతోనే. వియెజ్‌బిత్స్కా పుస్తకం చదవని గుమాస్తా ఎవరో అదే తీర్పు రాశాడు.

ఈ రెండు మాటల పాత చరిత్ర తవ్వితే ఇప్పటి తేడా అక్కడ పెద్దగా దొరకదు. కప్ అన్నది లాటిన్ నుంచి పాత ఇంగ్లీషులోకి వచ్చింది, ఆ లాటిన్ మాటకి తొట్టి, పీపా అని అర్థం. మన సంస్కృత 'కూప'తో దానికి చుట్టరికం కలుపుతారు భాషావేత్తలు. ఆ లెక్కన కాఫీ కప్పూ కూపస్థ మండూకం ఉండే నుయ్యీ దూరపు జ్ఞాతులు. మగ్ పుట్టుక సరిగా తేలలేదు, స్వీడన్, నార్వే భాషల్లో దానిలాంటి మాటలున్నాయి. ఇంగ్లీషులో పదహారో శతాబ్దంలో కనపడుతుంది. తర్వాత మనిషి మొహాన్ని కూడా మగ్ అన్నారు, మొహం ఆకారంలో చేసిన మగ్గుల వల్లే కావచ్చంటారు. పోలీసులు నేరస్తుడికి తీసే ఫోటోకి ఆ పేరు అక్కడి నుంచే. టీ ఇంగ్లండుకి వచ్చిన కొత్తలో శామ్యూల్ పెపిస్ తన దినచర్యలో 1660 సెప్టెంబరు 25న మొదటిసారి ఒక కప్పు టీ తాగిన సంగతి రాసుకున్నాడు. అయితే ఆ కాలంలో చైనా నుంచి వచ్చిన టీ పాత్రలకి పిడి లేదు, మన చిన్న గిన్నెల్లా ఉండేవి. పిడి యూరప్ వాళ్లు తర్వాత అతికించింది. అంటే కప్పుకి ఆనవాలని మనం అనుకుంటున్న పిడి, పేరు వచ్చిన తర్వాతెప్పుడో వచ్చింది.

ఆకారానికీ పేరుకీ ఉన్న బంధం ఎంత సడలగలదో చూడాలంటే ఆటల కప్పుల దగ్గరికి రావాలి. 1851లో మొదలైన అమెరికాస్ కప్ పడవ పందెంలో ఇచ్చేది కూజా, అదీ అడుగు లేని కూజా. అందులో చుక్క నీళ్లు నిలవవు. 1900లో మొదలైన డేవిస్ కప్, వెండి గిన్నె. లబోవ్ బొమ్మల్లో పెట్టి అడిగితే దాన్ని కప్పు అనేవాడు ఒక్కడూ ఉండడు. 1974 నుంచి ఇస్తున్న ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకి పోయడానికి నోరే లేదు, భూగోళాన్ని ఎత్తి పట్టుకున్న మనుషుల బొమ్మ అది. అయినా మనం 'కప్పు గెలిచాం' అనే అంటాం. 1983 జూన్ 25న లార్డ్స్‌లో కపిల్ దేవ్ ఎత్తింది ఏ ఆకారంలో ఉందని ఎవరు చూశారు? గెలుపుకి కప్పు దక్కింది, మగ్గుకి ఆ భాగ్యం పట్టలేదు. ఏ దేశమూ మగ్గు గెలవలేదు. సొంతానికి ఉంచుకునే వస్తువుని పదిమంది ముందు ఎత్తి చూపించడం బాగుండదేమో.

కప్పు కొలత కూడా. పాత్ర పేరే కొలత కావడం మనకి కొత్తేమీ కాదు, గిద్దె, సోల, తవ్వ అలా వచ్చినవే. అమెరికా వంటల పుస్తకంలో కప్పంటే 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250. అమెరికాలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లు తప్పకుండా పడే గుంట ఒకటుంది. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే కప్పు జపాను కొలత, 180 మిల్లీలీటర్లు. ఆ కప్పుతో బియ్యం, వంటల పుస్తకం కప్పుతో నీళ్లు పోస్తే వచ్చేది అన్నం కాదు, గంజి మెతుకులు. మగ్గు మాత్రం కొలత కాలేదు. ఒక్కొక్కరి మగ్గు ఒక్కొక్క సైజు. సొంత ఆస్తి ప్రమాణంగా పనికిరాదు.

ఇంతసేపూ ఇంగ్లీషు ఇంట్లోనే తిరిగాం. వేరే భాషల వాళ్లకి ఈ హద్దులు ఎలా కనపడతాయన్నది తర్వాతి తరం పరిశోధకుల పని. బార్బరా మాల్ట్, ఆవిడ సహచరులు 1999లో అచ్చువేసిన అధ్యయనంలో సీసాలు, డబ్బాలు, జాడీల్లాంటి 60 మామూలు పాత్రల్ని ఇంగ్లీషు, చైనీస్, అర్జెంటీనా స్పానిష్ మాట్లాడేవాళ్లకి చూపించారు. ఏది దేనిలా ఉందో జతచేయమంటే మూడు దేశాలవాళ్లూ ఇంచుమించు ఒకేలా జతచేశారు. పేర్లు పెట్టమంటే మాత్రం ఎవరి దారి వారిది. చూపు ఒకటే, గీతలు వేరు. అంటే పోలిక ఒక్కటే పేరుని నిర్ణయించదు. ఆ భాష ఏ వస్తువుని ముందు చూసింది, ఏ మాట అప్పటికే ఖాళీగా ఉంది అన్న చరిత్ర కూడా లోపల పనిచేస్తుంది.

అనెతా పావ్లెంకోతో కలిసి మాల్ట్ 2011లో ప్రచురించిన పరిశోధన మన వంటింటికి మరీ దగ్గర. అమెరికాలో ఉంటున్న రష్యన్లని తాగే పాత్రల పేర్లు రష్యన్‌లోనే చెప్పమన్నారు. రష్యన్‌లో 'స్తకాన్' అనే మాట గ్లాసుకి దగ్గర, కానీ దానికి గాజు కావాలన్న పట్టింపు లేదు. పిడి లేకుండా నిలువుగా ఉంటే చాలు, కాగితంది, ప్లాస్టిక్‌ది కూడా స్తకానే. చిన్నప్పుడే అమెరికా వచ్చినవాళ్లు మాత్రం తమ రష్యన్ మాటలకి ఇంగ్లీషు హద్దులు తగిలించుకున్నారు. మాట రష్యన్‌దే, కంచె ఇంగ్లీషుది.

ఇది చదివినప్పుడు నాకు 'స్టీలు గ్లాసు' గుర్తొచ్చింది. ఇంగ్లీషువాడికి ఇది మంచు నిప్పు లాంటి మాట. గ్లాసంటేనే గాజు, మళ్లీ స్టీలేమిటి? మనం ఆ మాట తీసుకున్నాం గానీ గాజుని వాళ్ల దగ్గరే వదిలేశాం. నిలువుగా, పిడి లేకుండా, పెదవికి ఆనించడానికి వీలుగా ఉంటే అది గ్లాసు. స్టీలుది, ఇత్తడిది, పెళ్లి భోజనాల్లో ప్లాస్టిక్‌ది, ఆఖరికి వెండిది కూడా. గాజుదైతే 'గాజు గ్లాసు' అని ప్రత్యేకంగా చెప్పుకుంటాం. ఇది తప్పు ఇంగ్లీషు కాదు, ఒప్పు తెలుగు. అమ్మ వదినని గ్లాసు అడిగినప్పుడు ఆవిడ గాజుని అడగలేదు, ఆకారాన్ని అడిగింది.

కప్పుదీ మగ్గుదీ ఇంకా ముచ్చటైన కథ. కప్పు అన్న రూపం తెలుగులో అప్పటికే ఉంది, ఇంటి కప్పు, దుప్పటి కప్పు. మగ్గడమూ ఉంది, కాయలు గడ్డిలో మగ్గుతాయి, మనుషులు జైళ్లలో మగ్గుతారు. ఇంగ్లీషు మాటలు వచ్చి ఈ పాత మాటల పక్కనే చాప వేసుకున్నాయి, ఎవరికీ గందరగోళం కలగలేదు. కప్పు సాసరుతో సహా హాల్లోకి వచ్చింది. హైదరాబాదు ఇరానీ హోటల్లో చాయ్ ఇచ్చేది అందులోనే, చాయ్‌ని సాసర్లోకి వంపుకుని జుర్రుకునేవాళ్లని చూస్తే వియెజ్‌బిత్స్కాకి సాసరు మరో పని కూడా చేస్తుందని తెలిసేది. వన్ బై టూ చెప్పి ఒక టీని ఇద్దరు పంచుకునే పద్ధతిలో మగ్గుని ఊహించలేం. తుపాను వచ్చినా మన రాజకీయ విలేకరులకి టీ కప్పులోనే వస్తుంది. మగ్గు మాత్రం చెంబు చేసే పనికి కుదురుకుంది. పెద్దది, గట్టిది, చెయ్యంతా దూరే పిడి ఉన్నది, ఒరిగినా బెంగ లేనిది. ఆలోచిస్తే ఇవన్నీ ఇంగ్లీషు మగ్గు లక్షణాలే. తాగడమొక్కటీ తీసేసి మిగతావన్నీ మనం నిలుపుకున్నాం. ఇంగ్లీషువాళ్లు ఒకే అలమరలో ఇరికించి తగువుపడుతున్న రెంటిని తెలుగువాళ్లు వేర్వేరు గదుల్లో పెట్టేసి సమస్య తీర్చారు. కాలేజీ పిల్లలు మగ్గప్ కొట్టడానికి, అంటే బట్టీ పట్టడానికి, ఈ గదులతో సంబంధం లేదు. అది బ్రిటిష్ విద్యార్థుల యాసలోంచి విడిగా దిగిన సరుకు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో కంపెనీ పేరు అచ్చుకొట్టిన కాఫీ మగ్గులు వచ్చాక ఈ ఏర్పాటుకి మళ్లీ కుదుపు వచ్చింది. ఇక్కడ నా చెవికి తగిలిన చిన్న విశేషం ఒకటి. తాగేదాన్ని చాలామంది 'కాఫీ మగ్' అని హలంతంగా ఆపేస్తున్నారు, స్నానాలగదిలోది 'మగ్గు' అని ఉకారంతోనే ఉంటోంది. తెలుగు చేసిన మాట బకెట్లో ఉండిపోయింది, ఇంగ్లీషుగా మిగిలిన మాట బల్ల ఎక్కింది. వదిన పదహారేళ్లుగా అక్కడుండి కూడా ఆ రోజు అత్తగారి మీద గౌరవం కొద్దీ అచ్చ తెలుగులో మాట్లాడబోయి ఉకారం చేర్చింది. వచ్చిన చిక్కంతా ఆ ఒక్క అచ్చుతో.

తిరుగు ప్రయాణం నాడు మనవరాలు నానమ్మకి ఒక బహుమతి ఇచ్చింది. తెల్లటి పింగాణీది, నిటారు గోడలు, లావు పిడి, పక్కన పిల్లలిద్దరి ఫోటో. ఇంగ్లీషు లెక్కలో అది నిఖార్సైన మగ్, సుంకాల గుమాస్తా కూడా కాదనడు. అమ్మ దాన్ని సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చుకుంది. ఇప్పుడది ఏలూరులో మా హాల్లో షోకేసులో ఉంది. అందులో ఏనాడూ కాఫీ పోయలేదు, నీళ్లూ ముంచలేదు. ఎవరైనా వస్తే తలుపు తీసి, జాగ్రత్తగా రెండు చేతులతో బయటికి తీసి చూపిస్తుంది.

"ఇదేనండీ, మా పిల్లలు ఇచ్చిన కప్పు."